పిల్లల ఇంట్లో గోడమీది ఆ చిన్న పెట్టె: చలికాలంలో అమెరికా వెళ్లే పెద్దవాళ్లతో కాసేపు

(గుంటూరు బ్రాడీపేటలోని మా అపార్ట్‌మెంట్ హాల్లో నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకావిడ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినపడుతోందా? సరే. ముందు ఒకసారి చేతులెత్తండి, ఈ డిసెంబరులోనో జనవరిలోనో పిల్లల దగ్గరికి వెళ్తున్నవాళ్లెవరు? ఒకటి, రెండు... ఏడుగురున్నారు. ఇదివరకే చలికాలంలో అక్కడ ఉండి వచ్చినవాళ్లు? ఇంకా ఎక్కువే ఉన్నారే. మంచిది, నేనేమైనా తప్పు చెబితే మీరే ఆపండి.

మనకి చలికాలం అంటే ఏంటండీ? కార్తీక మాసంలో తెల్లవారుజామున స్నానానికి కాస్త వణుకుతాం, భోగి మంట దగ్గర చేతులు కాచుకుంటాం, అంతే. జనవరిలో తెల్లారగట్ల ఫ్యాను ఆపేసి దుప్పటి లాక్కుంటే సరిపోతుంది. బాలింత గదిలో కుంపటి పెట్టడం తప్ప, ఇల్లు మొత్తం వెచ్చబెట్టాలి, దానికి నెలనెలా బిల్లు కట్టాలి అనే మాట మన పెద్దవాళ్ల నోట ఎప్పుడూ వినలేదు. అక్కడ అలా కాదు. అక్కడ వేడి అంటే బియ్యం, పాలు లాగా కొనుక్కునే సరుకు. ఈ ఒక్క సంగతి మనకి ఎవరూ చెప్పరు. వీసా సంగతి చెబుతారు, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలో చెబుతారు, ఇన్సూరెన్సు సంగతి చెబుతారు, ఇది మాత్రం చెప్పరు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. నేనూ మావారూ మొదటిసారి వెళ్లింది డిసెంబరు ఆఖరు వారంలో, షికాగో పక్కన మా అమ్మాయి వాళ్లింటికి. హాల్లోంచి పడగ్గదులకి వెళ్లే దారిలో, గోడమీద అరచేతిలో సగం ఉండే పెట్టె ఒకటి, దానిమీద 70 అని అంకె. థర్మోస్టాట్ అంటారు, ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో దానికే చెప్పాలి. ఫారెన్‌హీట్ అన్నమాట. మన లెక్కలో 21. ఇక్కడ ఏసీలో 21 పెడితే మనం దుప్పటి కప్పుకుంటాం కదా? మరి రోజంతా అందులోనే ఉండాలంటే? మావారికి కాళ్లు లాగేశాయి. నాకు వేళ్లు బిగుసుకుపోయాయి. పిల్లలిద్దరూ ఆఫీసులకి వెళ్లాక మేమే ఆ పెట్టె నొక్కి 78 చేశాం. రాత్రి కూడా అలాగే వదిలేశాం. అడగాలని మాకు తోచలేదు, వద్దనడానికి వాళ్లకి నోరు రాలేదు.

ఫిబ్రవరిలో గ్యాసు బిల్లు వచ్చింది. డిసెంబరుకి 150 డాలర్లు, జనవరికి 210. అమ్మాయి ఒక్క మాట అనలేదు, కాగితం బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. అల్లుడుగారు అసలు ఆ ప్రస్తావనే తేలేదు. వాళ్లు అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. పిల్లలకి ఇంటి వాయిదాలు ఉంటాయి, డే కేర్ ఫీజులు ఉంటాయి, మనకి చెప్పరు కదా. ఆ రోజంతా ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఉష్ణం పాఠం చెప్పినదాన్ని, ఒక బిల్లు అర్థం చేసుకోలేనా అనిపించింది.

మీరూ ఎప్పుడైనా ఆ బిల్లు చూడండి. మన కరెంటు బిల్లులాగా కాదు, అందులో ఇంకో ముఖ్యమైన అంకె ఉంటుంది, ఆ నెలలో బయట సగటు ఉష్ణోగ్రత ఎంత అని. డిసెంబరులో 30, జనవరిలో 22 అని ఉంది, అవీ ఫారెన్‌హీట్‌లోనే. ఇప్పుడు నాతోపాటు లెక్క వేయండి. డిసెంబరులో ఇంట్లో 70, బయట 30. తేడా ఎంత? 40. జనవరిలో మేం పెట్టింది 78, బయట 22. తేడా 56. నలభైకి నూట యాభై డాలర్లైతే యాభై ఆరుకి ఎంత? సరిగ్గా 210. స్థిర చార్జీలు అవీ పక్కన పెడితే లెక్క అతికినట్టు సరిపోయింది. మరి జనవరిలో కూడా 70 దగ్గరే ఉంచి ఉంటే? తేడా 48, బిల్లు 180. అంటే పెరిగిన 60 డాలర్లలో 30 చలి వల్ల, 30 మా వల్ల. నాకు అప్పుడు కాస్త ఊపిరాడింది. మొత్తం మా తప్పు కాదు. కానీ సగం మాదే.

ఈ తేడా అన్న మాట గట్టిగా పట్టుకోండి. నేను ఇవాళ చెప్పేదంతా దాని చుట్టూనే. బిల్లు లోపలి వేడిని బట్టి రాదు, బయటి చలిని బట్టీ రాదు, రెండింటి మధ్య తేడాని బట్టి వస్తుంది. న్యూటన్ శీతలీకరణ సూత్రం అని మనం చదువుకున్నదే. వేడి కాఫీ మొదట్లో గబగబా చల్లారుతుంది, గోరువెచ్చగా అయ్యాక నెమ్మదిగా చల్లారుతుంది, చూశారు కదా? ఇల్లూ అంతే.

ఇంకా తేలిగ్గా చెప్పనా? మన అపార్ట్‌మెంట్ పైన నీళ్ల ట్యాంకుకి అడుగున చిల్లు పడిందనుకోండి. పడింది కూడా పోయిన ఏడాది, గుర్తుందా, మూడో అంతస్తు గోడంతా చెమ్మ. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు జోరుగా కారేవి, సగంలో ఉంటే సన్నగా కారేవి. అమెరికా ఇల్లు కూడా అలాంటి చిల్లు ట్యాంకే. ఎంత మంచి ఇల్లైనా వేడి కారుతూనే ఉంటుంది, గోడల్లోంచి, అటకలోంచి, కిటికీ అద్దాల్లోంచి, తలుపు సందుల్లోంచి. కింద బేస్‌మెంట్‌లో ఫర్నెస్ అని ఉంటుంది, అది గ్యాసు మండించి, కారినంత వేడిని మళ్లీ నింపుతూ ఉంటుంది. మన మోటారులాగా. మీరు మట్టం ఎంత ఎత్తున ఉంచమంటే అంత జోరుగా కారుతుంది, మోటారు అంతసేపు తిరుగుతుంది.

ఏంటి అన్నయ్యగారూ? ... అన్నయ్యగారు మంచి ప్రశ్న అడిగారు, వెనకవాళ్లకి వినపడలేదేమో, మళ్లీ చెప్తాను. రాత్రి తగ్గించి పొద్దున్నే మళ్లీ పెంచితే, చల్లబడిపోయిన ఇంటిని వేడెక్కించడానికి ఇంకా ఎక్కువ గ్యాసు కాలుతుంది కదా, దానికన్నా ఒకే దగ్గర ఉంచేయడం మేలు కదా అంటున్నారు. చాలామంది ఇలాగే అనుకుంటారు. మా అల్లుడుగారు కూడా ఇదే అన్నారు, ఆయన ఇంజనీరు. ట్యాంకు దగ్గరికే వెళ్దాం. రాత్రంతా మట్టం తక్కువలో ఉంది, అంటే రాత్రంతా తక్కువే కారింది. పొద్దున మళ్లీ పైదాకా నింపుతాం, నిజమే, ఆ గంట మోటారు గట్టిగా తిరుగుతుంది. కానీ ఆ నింపే నీళ్లు ఎన్ని? రాత్రి మట్టం దిగినప్పుడు మోటారు వేయకుండా మిగిల్చుకున్నామే, ఆ నీళ్లే. ఆ బాకీ అక్కడికి తీరిపోయింది. రాత్రంతా తక్కువ కారిందే, అది మాత్రం మనకి మిగులు. ఎక్కువసేపు తక్కువలో ఉంటే ఎక్కువ మిగులు. అక్కడి ఇంధన శాఖ చెప్పే లెక్క కూడా ఉంది, రోజుకి 8 గంటలపాటు మామూలుగా ఉంచేదానికన్నా 7 నుంచి 10 డిగ్రీలు తగ్గిస్తే, ఫారెన్‌హీట్ డిగ్రీలే, ఏడాదిలో వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో పది శాతం దాకా మిగలొచ్చు అంటారు. అందుకే ఉద్యోగాలు చేసే పిల్లలు పడుకునేటప్పుడు 62 పెట్టుకుంటారు. మీరు వెళ్లి అది చూసి, అయ్యో పిల్లలు చలికి వణుకుతున్నారే అని కంగారు పడకండి. వాళ్లమీద మందపాటి కంఫర్టర్ ఉంటుంది.

ఇంకో అపోహ కూడా చెప్పేస్తాను, ఇది మేమే చేశాం. బయటినుంచి వచ్చాం, చలిగా ఉంది, గబగబా 85 పెట్టేశాం, ఇల్లు త్వరగా వెచ్చబడుతుందని. పడుతుందా? పడదు. ఇది స్కూటరు యాక్సిలరేటరు కాదు. మీ ఇస్త్రీ పెట్టె గుర్తు తెచ్చుకోండి. చక్రం తిప్పి పెడతారు, ఎర్ర లైటు వెలుగుతుంది, వేడెక్కాక టిక్కుమని ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ టిక్కుమని వెలుగుతుంది. లోపల రెండు లోహాలు అతికించిన రేకు ఒకటుంటుంది, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది, రేకు వంగి కరెంటు తెగుతుంది. చక్రాన్ని ఎక్కడ పెట్టినా, వెలిగినంతసేపూ అది వేడెక్కే వేగం ఒకటే. ఎక్కడ ఆగాలో మాత్రమే మనం చెబుతున్నాం. మామూలు ఫర్నెస్ కూడా అంతే. 85 అంటే 70 దాకా వచ్చేది త్వరగా ఏమీ రాదు, 70 దాటాక కూడా ఆగదు, అంతే తేడా. మనం మర్చిపోయి పడుకుంటాం, అది కాలుతూనే ఉంటుంది.

ఈ థర్మోస్టాట్ కథ నాకు ఇష్టం, ఒక్క నిమిషం చెప్పనివ్వండి. గదిలో పెట్టే ఎలక్ట్రిక్ థర్మోస్టాట్‌కి 1883లో పేటెంటు తీసుకున్నది వారెన్ జాన్సన్ అని ఒక మాస్టారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో టీచర్లకి శిక్షణ ఇచ్చే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పాఠం మధ్యలో కాలేజీ పనివాడు మాటిమాటికీ తలుపు తీసుకుని వచ్చి, గది ఎంత వెచ్చగా ఉందో చూసి, కింద బాయిలరు దగ్గర సర్దేవాడట. పాఠం ఆగిపోయేది. అది పడక ఆయన ఇది కనిపెట్టాడు. పాఠం మధ్యలో తలుపు తీస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఆయనమీద నాకు గౌరవం.

మరి తగ్గించుకోమని జనానికి చెప్పిన నాయకులు లేరా అంటే, ఉన్నారు. 1977 ఫిబ్రవరి 2న జిమ్మీ కార్టర్, అధ్యక్షుడై రెండు వారాలు కూడా కాలేదు, స్వెట్టరు వేసుకుని టీవీలో కూర్చుని, దేశంలో గ్యాసు కొరతగా ఉంది, ఇళ్లలో పగలు 65, రాత్రి 55 పెట్టుకోండి అని అడిగాడు. 55 అంటే మన పదమూడు డిగ్రీలండీ. ఆ స్వెట్టరు గురించి అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను, దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. ఆ 65, 55, 62 మన వయసువాళ్లకి కాదు. వయసు పైబడ్డాక ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, చర్మం కింద కొవ్వు పలచబడుతుంది, చలి వేస్తోందని తెలియడం కూడా ఆలస్యమవుతుంది. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకి మరీను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంట్లో కనీసం 18 సెల్సియస్ ఉండాలని చెబుతుంది, పెద్దవాళ్లకీ పసిపిల్లలకీ ఇంకా కాస్త ఎక్కువ అవసరం కావచ్చంటుంది. అమెరికాలో వృద్ధాప్యం మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ పెద్దవాళ్లున్న ఇంట్లో 68కి తగ్గకుండా పెట్టమంటుంది. 68 అంటే సరిగ్గా 20 సెల్సియస్. కాబట్టి పిల్లలకి డబ్బు మిగలాలని మీరు నోరు మూసుకుని వణుకుతూ కూర్చోవద్దు. నేను చెప్పేది అది కానే కాదు. రాత్రి రెండింటికి బాత్రూముకి లేస్తాం మనం, అప్పుడు ఇల్లు 62లో ఉంటే ఒళ్లు జలదరిస్తుంది, కాళ్లు తడబడతాయి. మీరున్నన్నాళ్లూ రాత్రి 68 ఉంచమని అడగండి. అడగడంలో తప్పు లేదు. మేం చేసిన తప్పు అడగకుండా 78 చేయడం.

మరి 70లో, 68లో చలి వేయకుండా ఎలా? ఇక్కడే మనం చేయగలిగింది చాలా ఉంది. అసలు గది 70 ఉన్నా ఎందుకు చలి వేస్తోందో చూశాను. నేను రోజూ కూర్చునే సోఫా పెద్ద కిటికీకి ఆనుకుని ఉంది. బయట మంచు పడుతుంటే చూడముచ్చటగా ఉందని అక్కడే కూర్చునేదాన్ని. కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే ఐసులా ఉంది. గాలి వెచ్చగా ఉన్నా, మన ఒంట్లో వేడి ఆ చల్లటి అద్దం వైపు పోతూనే ఉంటుంది, రేడియేషన్ అన్నమాట. ఎండలో నిలబడితే వేడి మనమీద పడుతుందే, దానికి తలకిందులు. సోఫా లోపలి గోడ వైపు జరిపించాను. అంతే, అదే 70, సగం చలి పోయింది. పగలు దక్షిణం వైపు కిటికీకి తెర తీసి ఎండ రానివ్వండి, చీకటి పడగానే తెరలు మూసేయండి. ఇది మనం చేయొచ్చు, పిల్లలు ఆఫీసులో ఉంటారు కాబట్టి మనమే చేయాలి.

రెండోది బట్టలు. వదినలందరికీ చెబుతున్నాను, పల్చటి నూలు చీర, పొట్టి చేతుల జాకెట్టు, ఉత్త కాళ్లు, పైన శాలువా అంటే అక్కడ పనికిరాదు. శాలువా పనిచేసేటప్పుడు జారిపోతుంది, స్టవ్ దగ్గర ప్రమాదం కూడా. ఒంటికి అంటుకునే థర్మల్స్ అని దొరుకుతాయి, పైదీ కిందదీ జత. లంగా లోపల ఆ ప్యాంటు, పైన చీర. మొదటి రెండు రోజులు కొత్తగా ఉంటుంది, తర్వాత అది లేకుండా ఉండలేం. కాళ్లకి మందపాటి సాక్సు, కిందన రబ్బరు చుక్కలు ఉండేవి, లేకపోతే చెక్క నేలమీద జారతాం. మగవాళ్లకి మంకీ క్యాప్ మొహమాటం ఇంట్లో అక్కర్లేదు.

మూడోది తేమ. చలికాలం గాలిని వేడిచేస్తే అది పొడిగా అయిపోతుంది, పెదాలు పగులుతాయి, ఒంటిమీద తడి గబగబా ఆరిపోయి ఇంకా చలేస్తుంది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ ఉంటే వేయమనండి, కిటికీలకి నీళ్లు పట్టేంత వద్దు. సీలింగ్ ఫ్యానుకి అక్కడ చిన్న స్విచ్ ఉంటుంది, తిప్పితే ఫ్యాను ఎదురు తిరుగుతుంది, నెమ్మదిగా పెడితే పైన పేరుకున్న వెచ్చటి గాలి గోడల వెంట కిందికి దిగుతుంది. ఫర్నెస్ ఫిల్టరు మార్చారా అని అబ్బాయిని అడగండి, దుమ్ము పట్టిన ఫిల్టరుతో గాలి ఆడదు.

ఇంటికి కట్టుదిట్టం ఎంత ముఖ్యమో మన గుంటూరువాళ్లకి వేరే చెప్పాలా? మిర్చి పెట్టే కోల్డ్ స్టోరేజీల్లోకి ఎప్పుడైనా వెళ్లారా? గోడకి ఎంత మందం థర్మోకోల్, తలుపు ఎంత బరువు. మే నెల ఎండ లోపలికి పోకూడదని. అక్కడి ఇల్లు కూడా అదే పని తిరగేసి చేస్తోంది. కాబట్టి తలుపు తీసి గుమ్మంలో నిలబడి ఫోను మాట్లాడకండి. గరాజ్ తలుపు కిందో, వాకిలి కిందో వేళ్లకి చల్లగాలి తగిలితే పిల్లలకి చెప్పండి, ఒక రబ్బరు పట్టీ వేస్తే ఆగిపోతుంది.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. కొన్ని ఇళ్లలో గ్యాసు ఫర్నెస్ ఉండదు, హీట్ పంప్ ఉంటుంది, మన ఏసీ ఎదురు తిరిగి పనిచేసినట్టు. వాటిలో ఒకేసారి ఎక్కువ డిగ్రీలు పెంచితే, లోపల కరెంటు కాయిల్స్ కూడా తోడుగా వెలుగుతాయి, పెట్టెమీద ఆక్స్ అని కనిపిస్తుంది, అది కరెంటు బాగా లాగుతుంది. అలాంటి ఇంట్లో మాటిమాటికీ మార్చకుండా ఒక దగ్గర ఉంచడమే నయం. మీ పిల్లల ఇంట్లో ఏదుందో వెళ్లగానే అడగండి. ఇంకోటి, అందరూ కలిసి ఊరు వెళ్తున్నామని పూర్తిగా ఆపేయకూడదు. 55కి తగ్గకుండా ఉంచాలి, లేకపోతే గోడల్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. మిగిలిన గ్యాసు డబ్బుకి వంద రెట్లు ప్లంబరుకి పోతుంది.

వదినగారు అడుగుతున్నారు, మన ఏసీకి కూడా ఇదే లెక్కా అని. ఇదే లెక్క, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. షికాగోలో తేడా యాభై ఉంటే, ఒక డిగ్రీ తగ్గిస్తే యాభైలో ఒక వంతు మిగులు. ఇక్కడ మే నెల రాత్రి బయట 30 సెల్సియస్ అనుకోండి. ఏసీ 24లో పెడితే తేడా 6. 18లో పెడితే 12. రెట్టింపు! గోడల్లోంచి వచ్చే వేడి ఒక్కటే చూసుకున్నా రెట్టింపు. అందుకే ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని మన ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు వేయగానే 24 చూపించాలనే నిబంధన కూడా పెట్టారు. పైగా మనకి స్లాబులున్నాయి, యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధరే పెరుగుతుంది. 16 పెట్టి రగ్గు కప్పుకునే పిల్లలు ఇక్కడా ఉన్నారు, వాళ్లకి ట్యాంకు కథ చెప్పండి.

చివరగా, అన్నయ్యగారు చిన్న హీటరు కొనుక్కోవచ్చా అన్నారు. మేం ఉండే గదిలో ఒక గంట, పడుకోబోయే ముందు వేసుకునేవాళ్లం. మామూలుగా అవి 1500 వాట్లు, గంటకి యూనిట్టున్నర. రోజంతా వేస్తే గ్యాసులో మిగిలింది కరెంటులో పోతుంది. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులో వద్దు. పరుపుకీ తెరకీ మూడడుగుల దూరం. నిద్రపోయేముందు ఆపేయాలి. కుంపటి, బొగ్గుల గ్రిల్ మాత్రం ఇంట్లోకి తేవద్దు. అక్కడి ఇళ్లు బిగించినట్టుంటాయి, మన పాత ఇళ్లలా పెంకుల సందులోంచి పొగ పోదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇంట్లో దాని అలారం ఉందా, బ్యాటరీ ఉందా, అది చూడమనండి.

మేమున్న ఆ మిగతా నెలలు పగలు 70, రాత్రి 68 పెట్టుకున్నాం. మావారికి రాత్రి ఒక సాక్సు జత అదనం. మార్చి బిల్లు వచ్చినప్పుడు అమ్మాయి దాన్ని బల్లమీద పెట్టలేదు, నా పక్కన కూర్చుని, అమ్మా లెక్క ఎలా వేశావో నాకూ చెప్పు అంది. ఇద్దరం పెన్సిలు పట్టుకుని చేశాం. ఆ కాగితం ఇక్కడికి తెచ్చాను, ఫారెన్‌హీట్‌కి సెల్సియస్ కూడా పక్కన రాసి ఉంది. ఫోటో తీసుకోండి. వదినగారి ఫ్లైట్ ముందుగా ఉంది కదా, ముందు ఆవిడకి ఇవ్వండి.